పది గళ్ళ బ్యాలెట్: హాల్ ఆఫ్ ఫేమ్ లెక్కల ప్రాజెక్టు డైరీ

నవంబరు 23, 2024, శనివారం

అమెరికా బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాళ్ళకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎవరు అర్హులన్న వాదన మా ఇంట్లో ఏటా చలి మొదలవగానే మొదలై సంక్రాంతి దాటాక గానీ తెగదు. మా బావమరిది అట్లాంటా దగ్గర స్థిరపడ్డాడు కనుక అతనికి బ్రేవ్స్ జట్టు తప్ప మరొకటి కంటికి ఆనదు. నేను న్యూజెర్సీలో ఉంటున్నా ఏ జట్టుకూ మొక్కుకోలేదు. మా అబ్బాయిని లిటిల్ లీగ్ ఆటలకు తిప్పుతూ, మైదానం పక్కన మడత కుర్చీలో కూర్చుని ఈ ఆట నేర్చుకున్నవాణ్ణి. ఈసారి ఫోనులో గొంతు పెంచుకోవడం మాని లెక్కలతో తేల్చుకుందామని అతనితో ఒప్పందం చేసుకుని, ఈ రోజు పని మొదలుపెట్టాను.

నియమాలు ముందుగా రాసి పెట్టుకుంటున్నాను. ఆటగాడు కనీసం 10 సీజన్లు ఆడి ఉండాలి, ఆట మానేసి 5 ఏళ్ళు గడిచి ఉండాలి. బేస్‌బాల్ రచయితల సంఘంలో వరుసగా 10 ఏళ్ళ సభ్యత్వం ఉన్నవారు ఓటు వేస్తారు. ఒక్కొక్కరు పది పేర్ల వరకు గుర్తు పెట్టవచ్చు. ఒక్క పేరూ పెట్టకుండా ఖాళీ బ్యాలెట్ పంపినా అది లెక్కలోకి వస్తుంది. 75 శాతం వస్తే ఎన్నికైనట్టు, 5 శాతం రాకపోతే మరుసటి ఏడు పేరు ఉండదు. ఈ రెండింటి మధ్య ఉన్నవారు పదేళ్ళపాటు బ్యాలెట్ మీద కొనసాగవచ్చు. 2014కు ముందు ఈ గడువు పదిహేనేళ్ళు ఉండేది. ఈ ఏటి బ్యాలెట్ మీద 28 పేర్లున్నాయి, వాటిలో 14 కొత్తవి.

1871 నుంచి ప్రతి ఆటగాడి ప్రతి సీజనూ ఉన్న లాహ్మన్ డేటాబేస్ సీఎస్‌వీ ఫైళ్ళను దించుకున్నాను. బ్యాటింగు, పిచింగు (బ్యాటర్‌కు బంతి విసరడం), ఫీల్డింగు పట్టికలతో పాటు 1936 మొదలు హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగు పట్టిక కూడా అందులో ఉంది. ఆ పట్టికలో మొదటి వరుసలను చూస్తుంటేనే ఒక విషయం స్పష్టమైంది. తొలి ఏడాది 226 బ్యాలెట్లలో టై కాబ్‌కు 222, బేబ్ రూత్‌కు 215 ఓట్లు వచ్చాయి. అంటే బేబ్ రూత్ పేరు రాయని పెద్దమనుషులు పదకొండు మంది ఉన్నారు. ఇక సామాన్యుల సంగతి చెప్పేదేముంది!

నవంబరు 30

పైథాన్‌లో రెండు పట్టికలు కలిపి, హోమ్ రన్లలో (కొట్టిన ఒక్క దెబ్బకే బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి రావడం) ఎవరు ముందున్నారో సరిచూసుకుందామని జాబితా తీశాను. మొదటి పేరు 762 కొట్టిన బ్యారీ బాండ్స్‌ది కావాలి. కెన్ గ్రిఫీ అని వచ్చింది, పక్కన 782 అనే అంకె ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాక విషయం బోధపడింది. తండ్రి పేరూ కెన్ గ్రిఫీయే, కొడుకు పేరూ కెన్ గ్రిఫీయే. నేను గుర్తింపు కోడు వదిలేసి పేరు మీద కలిపాను కాబట్టి, తండ్రి కొట్టిన 152, కొడుకు కొట్టిన 630 ఒకే ఖాతాలో పడ్డాయి. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్ళలో పుట్టిన నాకు ఈ తిప్పలు ముందే తట్టవలసింది. డేటాబేస్‌లో ప్రతి ఆటగాడికీ వేరే కోడు ఉంటుంది. తండ్రి కోడు 01తోనూ కొడుకు కోడు 02తోనూ ముగుస్తుంది. ఇకమీదట పేరు కాలమ్ చదువుకోవడానికే తప్ప కలపడానికి వాడను.

రెండో తప్పు ఇంత నవ్వు తెప్పించేది కాదు, కనిపించేదీ కాదు. సీజను మధ్యలో జట్టు మారిన ఆటగాడికి ఆ ఏడాది రెండు వరుసలుంటాయి. కార్లోస్ బెల్ట్రాన్ 2004లో కాన్సస్ సిటీకి 15 హోమ్ రన్లు కొట్టి, హ్యూస్టన్‌కు వెళ్ళి మరో 23 కొట్టాడు. నా ప్రోగ్రాము దాన్ని రెండు మామూలు సీజన్లుగా చూసి, అతని అత్యుత్తమ ఏడాదుల్లో నుంచి ఆ 38ని జారవిడిచింది. ఒక్కో ఏడాదికి ముందు మొత్తం కట్టి ఆ తరువాతే పోల్చాలని సరిదిద్దాను. ఎవరి అర్హతనో తేల్చే పట్టికలో ఇలాంటి పొరపాటు మిగిలిపోతే, తప్పు మనదని తెలియక ఆటగాడిని చిన్నచూపు చూస్తాం.

డిసెంబరు 8, ఆదివారం

ఈ రోజు కమిటీ ఫలితం వచ్చింది: డేవ్ పార్కర్‌కు 14 ఓట్లు, డిక్ ఆలెన్‌కు 13 వచ్చి ఇద్దరూ ఎన్నికయ్యారు. రచయితల ఓటింగులో మిగిలిపోయినవారిని పదహారు మంది సభ్యుల కమిటీ మళ్ళీ చూస్తుంది. పన్నెండు ఓట్లు రావాలి.

కమిటీ లెక్కను కాగితం మీద వేసి చూశాను. ఎనిమిది మంది అభ్యర్థులు, ఒక్కో సభ్యుడికి మూడేసి ఓట్లు, మొత్తం 48. ఒక్కొక్కరికి 12 కావాలంటే, సభ్యులందరూ కూడబలుక్కున్నా నలుగురికి మించి ఎన్నిక కారు. ఓట్లు ఏ కొంచెం చెదిరినా ఒక్కరూ మిగలరు. డిక్ ఆలెన్ 2014లో 11 ఓట్ల దగ్గర ఆగిపోయాడు, 2021లో మళ్ళీ 11 దగ్గరే ఆగాడు. ఈ రెండింటి మధ్య 2020 డిసెంబరు 6న జరగవలసిన సమావేశం మహమ్మారి వల్ల వాయిదా పడింది, డిసెంబరు 7న ఆయన కన్నుమూశాడు. 1964లో ఉత్తమ కొత్త ఆటగాడు, 1972లో లీగు ఉత్తమ ఆటగాడు అయిన మనిషి నాలుగేళ్ళ క్రితం ఎంత అర్హుడో ఈ రోజూ అంతే అర్హుడు. ఆ వార్త వినడానికి ఆయన లేడు. నా పట్టికలో ‘అర్హత’ అన్న కాలమ్ పక్కనే ‘ఎన్నేళ్ళు పట్టింది’ అన్న కాలమ్ చేర్చాను.

ఇదే కమిటీ పద్ధతిలో 2018 డిసెంబరులో హెరాల్డ్ బెయిన్స్ సరిగ్గా 12 ఓట్లతో లోపలికి వచ్చాడు. రచయితల ఓటింగులో ఆయనకు ఏనాడూ 7 శాతం రాలేదు. మంచి బ్యాటర్, 2,866 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరుకోవడం) కొట్టాడు. కానీ ఆయన్ను కొలబద్దగా పెట్టుకుంటే నా పట్టికలో సగం మందికి గుర్తు పెట్టవలసి వస్తుంది. ఎన్నికైనవారిలో అందరికంటే కింద ఉన్నవాణ్ణి చూపించి ‘ఇతనికంటే మావాడు నయం కదా’ అనే వాదనను ఈ ప్రాజెక్టులోకి రానివ్వకూడదని నిర్ణయించుకున్నాను. మా బావమరిదికి ఆ వాదనంటే మహా ఇష్టం.

డిసెంబరు 15

కొలత ఎంచుకున్నాను. వార్ అనే లెక్క బేస్‌బాల్ అభిమానులందరికీ తెలిసినదే: ఎప్పుడు కావాలన్నా దొరికే సాదా ఆటగాడి స్థానంలో ఇతడు ఉండటం వల్ల జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో అది చెబుతుంది. జే జాఫీ రూపొందించిన జాస్ పద్ధతిలో ఆటగాడి జీవితకాలపు వార్‌నూ, అతని ఏడు ఉత్తమ సీజన్ల వార్‌నూ కూడి సగం చేస్తారు. ఆ అంకెను అదే స్థానంలో ఆడి ఇప్పటికే హాల్‌లో ఉన్నవారి సగటుతో పోల్చాలి. ఎక్కువ కాలం ఆడి పోగుచేసినవాడికీ, కొద్దికాలం మెరిసినవాడికీ ఇద్దరికీ న్యాయం చేసే సూత్రం ఇంతకంటే సులువైనది నాకు దొరకలేదు.

మొదట బ్రేవ్స్ సెంటర్ ఫీల్డర్ (మైదానం వెనక భాగాన నడుమ నిలబడేవాడు) ఆండ్రూ జోన్స్ పేరు వేశాను. వేయకపోతే బావమరిది ఊరుకోడు. 434 హోమ్ రన్లు, 1998 నుంచి 2007 దాకా వరుసగా పది గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డరుకిచ్చే బహుమతి). అయితే బ్యాటింగు సగటు 0.254 మాత్రమే, హిట్లు 1,933. ముప్పై దాటాక ఒక్కసారిగా దిగజారిపోయాడు. జీవితకాలపు వార్ 62 పైచిలుకు. సెంటర్ ఫీల్డర్ల సగటు దానికి బాగా పైన ఉంది. ఏడు ఉత్తమ సీజన్లు మాత్రం సగటును దాటాయి.

సమస్య ఆ వార్ ఎలా వచ్చిందన్నది. అతని విలువలో పెద్ద భాగం ఫీల్డింగుది. ఆపిన పరుగుల లెక్కలో చరిత్రలోని సెంటర్ ఫీల్డర్లందరికంటే అతనే పైన ఉన్నాడు. కానీ 2003కు ముందు ఫీల్డింగును ఒక పద్ధతిలో, తరువాత మరో పద్ధతిలో అంచనా వేశారు. పాత పద్ధతికి బంతి ఎంత దూరాన, ఎంత వేగంతో పడిందో తెలియదు. ఏ బంతికి ఎవరు అవుట్ చేశారన్న ఆటల రికార్డు మీదే అది ఆధారపడుతుంది. అందుకని ఒక పరీక్ష చేశాను. అతని ఫీల్డింగు పరుగులను సగానికి తగ్గించి, పది పరుగులకు ఒక గెలుపు చొప్పున తీసేస్తే, 62 కాస్తా 51 దగ్గరికి జారింది. అంటే ఆ కొలతను నమ్మితే గట్టి అభ్యర్థి, సగమే నమ్మితే తలుపు బయటే.

ఈ మాట ఫోనులో చెప్పగానే బావమరిది అన్నాడు: “బావా, మీ ఎక్సెల్ ఎప్పుడైనా సెంటర్ ఫీల్డ్‌లో నిలబడిందా? గ్రెగ్ మాడక్స్, టామ్ గ్లావిన్, జాన్ స్మోల్ట్జ్ ముగ్గురూ హాల్‌లో ఉన్నారు. వాళ్ళ వెనకాల బంతులు పట్టిందెవరు?” బ్రేవ్స్ పిచర్లైన మాడక్స్, గ్లావిన్ చాలావరకు బ్యాటర్లు బంతిని మైదానంలోకి కొట్టేలా వేసి అవుట్ చేయించేవారు కనుక, ఈ ప్రశ్నను నవ్వి తోసేయడం కుదరదు. వాళ్ళ గణాంకాల్లో జోన్స్ వాటా ఎంతో విడదీసే మార్గం నా దగ్గరున్న ఫైళ్ళలో లేదు. సగం చేసిన కాలమ్‌ను పరీక్షగా ఉంచి, అసలు అంకెనే పట్టికలోకి తీసుకున్నాను. ఈ రౌండు అతనిదే. ఈ డైరీ అతని కంట పడకపోతే మేలు.

డిసెంబరు 28

సెలవులు కావడం వల్ల రోజంతా దీని మీదే కూర్చున్నాను, ప్రాజెక్టు దారి మారింది కూడా ఈ రోజే.

జాస్ సగటుకు దగ్గరగా ఉండి కూడా హాల్‌లో లేనివారిని వడకట్టాను. వచ్చిన పేర్లలో చాలామంది, మొదటి ఏడాదే 5 శాతం రాక తప్పుకున్నవారు. డెట్రాయిట్ రెండో బేస్‌మన్ లూ విటకర్ 75 వార్ ఉన్నా 2001లో 515 బ్యాలెట్లలో 15 ఓట్లతో వెళ్ళిపోయాడు. అతని పక్కన షార్ట్‌స్టాప్‌గా ఆడిన ఆలన్ ట్రామెల్‌ను కమిటీ తరువాత ఎన్నుకుంది. 1992లో బాబీ గ్రిచ్‌కు 2.6 శాతం. 622 బేస్‌లు దొంగిలించిన (ఇంకొకరు బంతి కొట్టేదాకా ఆగకుండా పరుగెత్తి తరువాతి బేస్ చేరుకున్న) కెన్నీ లాఫ్టన్‌కు 2013లో 569లో 18 ఓట్లు.

ఇక 2018. ఆ ఏటి బ్యాలెట్ పేర్లన్నీ ఒక కాగితం మీద అచ్చు వేసి, పెన్సిలు పట్టుకుని వంటగది బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పటికి నేను ఓటరునైతే ఏ పది పేర్లు పెట్టేవాణ్ణో చూద్దామని. చిప్పర్ జోన్స్, జిమ్ థోమ్, వ్లదిమీర్ గెరేరో ముగ్గురికీ ఆలోచన లేకుండా గుర్తు పెట్టాను. ఎడ్గర్ మార్టినెజ్, మైక్ ముసీనా, ల్యారీ వాకర్. ఆరు. స్కాట్ రోలెన్, ఆండ్రూ జోన్స్. ఎనిమిది. బాండ్స్, పిచర్ రోజర్ క్లెమెన్స్ సంగతి తరువాత చూద్దామని పక్కన పెట్టాను. ట్రెవర్ హాఫ్‌మన్, బిల్లీ వాగ్నర్. పది నిండిపోయాయి. ఇంకా ఫ్రెడ్ మెగ్రిఫ్, జెఫ్ కెంట్, యోహాన్ సంటానా మిగిలారు. వాగ్నర్ పేరు చెరిపి సంటానా పేరు పెట్టాను, మళ్ళీ సంటానాను చెరిపాను. ఆ రెండు గళ్ళ దగ్గర కాగితం నలిగి నూగు లేచింది గానీ పదమూడు పేర్లు పది గళ్ళలో పట్టలేదు.

అసలు ఫలితం: 422 బ్యాలెట్లలో రోలెన్‌కు 43, ఆండ్రూ జోన్స్‌కు 31, సంటానాకు 10. నిలవాలంటే 22 రావాలి. రోలెన్ అక్కడి నుంచి ఏటా పెరుగుతూ 2023లో 76.3 శాతంతో ఎన్నికయ్యాడు. జోన్స్ ఈ ఏడాదికి 60 దాటి ఉన్నాడు. సంటానాకు రెండో ఏడాది అనేదే లేదు. 2004లోనూ 2006లోనూ లీగు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతి గెలుచుకున్న ఎడమచేతి పిచర్, భుజం గాయం వల్ల 139 గెలుపుల దగ్గర ఆగిపోయాడు. శాండీ కోఫాక్స్ కూడా గాయం వల్లే 165 దగ్గర ఆగాడు. ఆయన మూడు సై యంగ్‌లతో మొదటి ఏడాదే, 36 ఏళ్ళకే హాల్‌లో అడుగుపెట్టాడు. సంటానా కోఫాక్స్‌తో సమానుడని నేను అనడం లేదు. పదేళ్ళ పాటు వాదించదగిన పేరును ఒక్క చలికాలంలో ముగించారని మాత్రం అంటున్నాను.

నెల రోజులుగా నేను 75 శాతం గీత దగ్గరే తచ్చాడాను. ల్యారీ వాకర్ 2014లో 10.2 శాతానికి పడిపోయి, 2020లో తన చివరి అవకాశంలో 76.6తో ఎన్నికయ్యాడు. బెర్ట్ బ్లైలెవెన్ 17.5తో మొదలై పద్నాలుగో ఏట గెలిచాడు. ఈ ఏళ్ళలో వాళ్ళు ఒక్క బంతి ఆడలేదు. ఓటర్ల కళ్ళు మారాయి, అందుకు సమయం కావలసి వచ్చింది. పై గీత తప్పును పదేళ్ళలో సరిదిద్దుకునే వీలిస్తుంది. కింది గీత ఆ వీలునే తీసేస్తుంది. అందులోనూ పది పేర్ల పరిమితి ఉన్నంతకాలం 5 శాతం రాకపోవడానికి కారణం ఆటగాడి లోపమా, ఆ ఏటి రద్దీయా అన్నది చెప్పలేము.

పట్టికలో కొత్తగా ఒక గడి చేర్చాను: 2018 బ్యాలెట్ మీద ఉన్నవారిలో ఇప్పటికి హాల్‌లోకి వెళ్ళినవారు ఎందరు? చిప్పర్, గెరేరో, థోమ్, హాఫ్‌మన్ అదే ఏడాది, మార్టినెజ్, ముసీనా 2019లో, వాకర్ 2020లో, రోలెన్ 2023లో, మెగ్రిఫ్ కమిటీ ద్వారా. తొమ్మిది.

జనవరి 4, 2025

పక్కన పెట్టిన సంగతి ఇప్పుడు. బాండ్స్‌కు ఏడుసార్లు ఉత్తమ ఆటగాడి బహుమతి, క్లెమెన్స్‌కు 354 గెలుపులు, ఏడు సై యంగ్‌లు. ఇద్దరూ 2022లో తమ పదో ఏట 66.0, 65.2 శాతాల దగ్గర ఆగిపోయారు. కారణం స్టెరాయిడ్ల ఆరోపణలు. ఓటర్లకు ఇచ్చే నిబంధనలో ఆటగాడి రికార్డు, సామర్థ్యంతో పాటు నిజాయతీ, క్రీడాస్ఫూర్తి, శీలం, జట్టుకు చేసిన సేవ కూడా చూడాలని ఉంది. శీలానికి సూత్రం రాయడం నాకు చేతకాదు. పరుగులను పదో పాతికో శాతం కోసేసే పద్ధతులు ప్రయత్నించి చూశాను, ప్రతి అంకె వెనకా నా ఇష్టమే కనిపించింది.

కనుక రెండు గుంపులు చేశాను. పరీక్షలు, శిక్షలు అమలులోకి వచ్చాక పట్టుబడి సస్పెండైన ఎలెక్స్ రోడ్రిగెజ్, మానీ రమీరెజ్ ఒక గుంపు. లీగు నుంచి అలాంటి శిక్ష ఏదీ పడని బాండ్స్, క్లెమెన్స్ మరో గుంపు. నా ఓటు రెండో గుంపుకు ఉంటుంది, మొదటి గుంపుకు ఉండదు. ఇది న్యాయమని అనుకుంటున్నాను, గట్టిగా నిరూపించలేను. కానీ దీని పర్యవసానం లెక్కకు అందుతుంది: ఎన్నిక కాకుండా, తప్పుకోకుండా వాళ్ళిద్దరూ పదేళ్ళపాటు వందల బ్యాలెట్లలో చెరో గడి ఆక్రమించి కూర్చున్నారు. 2013లో లాఫ్టన్‌కు జరిగినదాంట్లోనూ, 2018లో సంటానాకు జరిగినదాంట్లోనూ ఆ రెండు గళ్ళ పాత్ర ఉంది.

జనవరి 21, మంగళవారం

ఇచిరో సుజుకీకి 394లో 393. 27 ఏళ్ళ వయసులో జపాన్ నుంచి వచ్చి ఇక్కడ 3,089 హిట్లు కొట్టినవాడికి గుర్తు పెట్టని ఆ ఒక్కరు ఎవరో గానీ, 1936 నాటి పదకొండు మందికి వారసులని అనుకున్నాను. సీసీ సబాథియాకు 86.8 శాతం. బిల్లీ వాగ్నర్ పదో ఏట 82.5తో గట్టెక్కాడు; నిరుడు అయిదు ఓట్లు తగ్గి ఆగినవాడు. నేను పెన్సిలుతో చెరిపిన పేరు అది. గడిలో అంకె పదికి మారింది.

కింది గీత దగ్గర ఈసారి ఇయన్ కిన్‌స్లర్ పోయాడు. 257 హోమ్ రన్లు, 243 బేస్ దొంగతనాలు, సరిగ్గా 1,999 హిట్లు. 1960 తరువాతే ఆట మొదలుపెట్టి 2,000 హిట్లు చేరని బ్యాటర్‌ను రచయితలు ఇంతవరకు ఎన్నుకోలేదు. ఆ అలిఖిత నియమానికి ఒక్క హిట్ దూరంలో ఆగినవాడు ఇతను. ఇంకో హిట్ కొట్టి ఉన్నా ఎన్నికయ్యేవాడని కాదు, 2.5 శాతం ఎక్కడ, 75 ఎక్కడ! కానీ జోన్స్‌కు, 1,885 హిట్లున్న చేజ్ అట్లీకి ఆ నియమమే అడ్డు. జోన్స్‌కు 66.2, అట్లీకి 39.8 వచ్చాయి. ప్రాజెక్టును ఇక్కడితో ఆపి ఫైళ్ళు భద్రం చేశాను.

జనవరి 20, 2026

ఏడాది తరువాత ఫైలు తెరిచాను. కార్లోస్ బెల్ట్రాన్ 84.2 శాతంతో, ఆండ్రూ జోన్స్ తొమ్మిదో ఏట 78.4 శాతంతో ఎన్నికయ్యారు. ఫలితం ప్రకటించిన నిమిషంలోనే బావమరిది నుంచి ఫోను వచ్చింది. “ఆ సగం చేసిన కాలమ్ ఇంకా ఉందా బావా?” అని మాత్రం అడిగాడు. ఉందన్నాను. తీసేయమన్నాడు. తీయలేదు, దాచాను.

2,000 హిట్ల నియమానికి పెట్టుకున్న హెచ్చరికను తీసేశాను, జోన్స్ ఎన్నికతో అది ఇక నిజం కాదు కనుక. మొన్న డిసెంబరులో కమిటీ జెఫ్ కెంట్‌ను కూడా ఎన్నుకుంది. 2018 బ్యాలెట్ గడిని మళ్ళీ లెక్కించమంటే పన్నెండు చూపించింది. ఆ ఏడాది ఏ ఓటరైనా భవిష్యత్తు మొత్తం చూడగలిగి, ఒక్క పొరపాటూ చేయకుండా గుర్తులు పెట్టినా ఇద్దరిని వదిలేయక తప్పేది కాదు. వంటగది బల్ల సొరుగులో నుంచి నూగు లేచిన ఆ కాగితం తీసి చూశాను. సంటానా పేరు చెరిపిన చోట పెన్సిలు గుర్తు ఇంకా సన్నగా కనిపిస్తోంది.